గిఫ్ట్ అంటే బహుమతా, విషమా, పెళ్ళా?

విభాగం: మాటల పుట్టుక

శ్రావణి_లైప్‌జిగ్

అందరికీ నమస్కారం. మొన్న ఆఫీసులో జరిగిన సంగతి చెప్పి ఒక సందేహం అడుగుతాను.

అమ్మ ఆత్రేయపురం పూతరేకులు పంపింది. ఒక డబ్బా తీసుకెళ్ళి ఆఫీసు వంటగదిలో పెట్టాను. ఎవరైనా తినొచ్చని తెలియాలి కదా, మూత మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో 'గిఫ్ట్' అని రాశాను. మధ్యాహ్నం దాకా ఒక్కరూ ముట్టుకోలేదు. పైగా ఎవరో ఆ డబ్బాని చేతికందకుండా పై అరలోకి జరిపారు. చివరికి పక్క సీటు ఆవిడ మెల్లిగా వచ్చి, "ఎలుకలేమైనా కనిపించాయా?" అని అడిగింది. జర్మన్‌లో గిఫ్ట్ అంటే విషమట!

ఇక్కడికొచ్చి పద్నాలుగు నెలలైంది. జర్మన్ క్లాసులో బహుమతిని 'గెషెంక్' అంటారని నేర్పారు గానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు, జర్మన్ అక్కచెల్లెళ్ళ లాంటి భాషలంటారు కదా. మరి అక్క నోట్లో బహుమతి అయింది చెల్లెలి నోట్లో విషం ఎలా అయింది? రెండూ ఒకటే మాటా, లేక వేర్వేరు మాటలు అనుకోకుండా ఒకేలా ఉన్నాయా?

నాగరాజుగారి అబ్బాయి

అవన్నీ తర్వాత. పూతరేకులు ఏమయ్యాయి?

శ్రావణి_లైప్‌జిగ్

సంగతి తెలిశాక పది నిమిషాల్లో ఖాళీ. కాగితం ఒలిచి తినాలా, కాగితంతో తినాలా అని ఒకాయన అడిగాడు. అది వేరే కథ.

స్టాక్‌హోమ్ సుబ్బు

శ్రావణి గారూ, మీది రెండు అర్థాల గొడవే. మా స్వీడిష్‌లో ఇంకో మెలిక ఉంది. ఇక్కడ గిఫ్ట్ అంటే విషం, గిఫ్ట్ అంటే 'పెళ్ళయిన' అని కూడా. రాత ఒకటే, పలకడమూ ఒకటే, రెండిటినీ 'యిఫ్ట్' అంటారు. డేనిష్, నార్వేజియన్‌లలో కూడా ఇవే రెండు అర్థాలు. బహుమతి అర్థం మాత్రం ఇక్కడ లేదు, దానికి 'ప్రెసెంట్' లేదా 'గోవ' అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఎవరో గోవా ట్రిప్పు వేస్తున్నారనుకున్నాను.

మావాడు పుట్టిన కొత్తలో ఇచ్చిన కాగితాల్లో 'గిఫ్ట్‌ఇన్ఫర్మేషన్స్‌సెంట్రాలెన్' అని ఒక ఫోన్ నంబరు ఉంది. అప్పటికి నాకు గిఫ్ట్ అంటే పెళ్ళయిన అని మాత్రమే తెలుసు. ప్రభుత్వమే పెళ్ళి సంబంధాల ఆఫీసు నడుపుతోంది, ఎంత గొప్ప దేశం అనుకున్నాను. పిల్లలు పొరపాటున ఏ ఫినాయిలో తాగితే ఫోన్ చేయాల్సిన విషాల కేంద్రం అది.

నాగరాజుగారి అబ్బాయి

పెళ్ళికీ విషానికీ ఒకటే మాట! స్వీడన్ వాళ్ళు అనుభవం మీద పెట్టుకున్నట్టున్నారు.

స్టాక్‌హోమ్ సుబ్బు

తమ్ముడూ, ఇక్కడికి కొత్తగా వచ్చిన ప్రతివాడూ మొదటి నెలలో ఇదే జోకు వేస్తాడు. ఆఫీసులో వాళ్ళు మర్యాద కోసం నవ్వుతారు.

రమాదేవి_కరీంనగర్

నేను తెలుగు టీచర్ని, జర్మన్ రాదు. పెళ్ళిని విషంతో పోల్చే జోకులు తెలుగు సినిమాల్లోనే కావలసినన్ని ఉన్నాయి కాబట్టి అది వదిలేద్దాం. నాకు అసలు విషయం మీద ఆసక్తిగా ఉంది. బహుమతి, పెళ్ళి, విషం, మూడిటికీ ఒకే మాట ఎలా వచ్చింది? పాతపుస్తకాలు గారూ, మీరు ఉన్నారా?

పాతపుస్తకాలు

ఉన్నానమ్మా. కాఫీ తాగి కూర్చున్నాను, కాస్త పొడుగ్గానే రాస్తాను.

శ్రావణి గారి ప్రశ్నకు సూటిగా జవాబు: అనుకోకుండా కలిసిన మాటలు కావు, మూడూ ఒకటే మాట. దాని అసలు అర్థం బహుమతి కాదు, విషం కాదు, పెళ్ళీ కాదు. 'ఇవ్వడం'. అంతే.

ఇంగ్లీషులో గివ్, జర్మన్‌లో గేబెన్, డచ్‌లో హేవన్, ఐస్‌లాండిక్‌లో గేవ, నాలుగో శతాబ్దపు గోతిక్‌లో గిబన్. అన్నీ 'ఇచ్చు' అనే ఒకే క్రియ. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత జర్మానిక్‌లో రాతలు దొరకలేదు కాబట్టి పండితులు మాటలను ఊహించి కట్టి, ముందు నక్షత్రం గుర్తు పెడతారు. అలా కట్టిన రూపం 'గెఫ్తిజ్'. 'గెబ్' అనే ధాతువుకు 'తి' అనే ప్రత్యయం చేరింది, త పక్కన బ కాస్తా ఫ అయింది. మన సంధుల్లాంటిదే. ఇంగ్లీషులో గివ్ నుంచి గిఫ్ట్, డ్రైవ్ నుంచి డ్రిఫ్ట్, థ్రైవ్ నుంచి థ్రిఫ్ట్. జర్మన్‌లో రాయడం ష్రైబెన్ అయితే రాత ష్రిఫ్ట్. శ్రావణి గారూ, ఈ వరస మీకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

తెలుగులోనూ ఇదే పని జరిగింది. ఇచ్చు, ఈయు నుంచి 'ఈవి' వచ్చింది. ప్రబంధాల్లో రాజుగారి ఈవిని పొగుడుతుంటారు చూడండి, అదే. గిఫ్ట్‌కు అచ్చతెలుగు మాట కావాలంటే ఈవి కంటే దగ్గరిది లేదు.

ఇప్పుడు దారులు ఎక్కడ చీలాయో చూద్దాం. ఇవ్వడం అన్నాక, ఏమివ్వడం అన్న ప్రశ్న వస్తుంది. ఒక్కో చోట ఒక్కో వస్తువు ఆ మాటకు అతుక్కుపోయింది. అన్నిటికంటే పాతది పెళ్ళి. గోతిక్ బైబిల్లో మరియను యోసేపుకు ప్రధానం చేశారని చెప్పేచోట 'ఫ్రగిఫ్ట్స్' అన్న మాట వాడారు. పాత ఇంగ్లీషులోనూ అంతే. 7వ శతాబ్దం చివర్లో దక్షిణ ఇంగ్లండులోని వెసెక్స్ రాజ్యానికి రాజైన ఈనె చేసిన చట్టాల్లో ఒకటి ఉంది: ఎవడైనా సొమ్ము చెల్లించి పిల్లను మాట్లాడుకున్నాక 'గిఫ్ట్' జరగకపోతే, ఆ సొమ్ము తిరిగిచ్చి, దాని మీద మళ్ళీ అంత కట్టాలి. ఇక్కడ గిఫ్ట్ అంటే పెళ్ళే. పాత ఇంగ్లీషులో ఏకవచనంలో అది పిల్లకు ఇచ్చే ఓలి, బహువచనంలో పెళ్ళి. ఇంగ్లీషువాడు గిఫ్ట్ అంటే బహుమతి అని మొదటినుంచీ అనుకుంటున్నాడన్నది నిజం కాదన్నమాట.

విషం సంగతి రాత్రికి రాస్తాను. కరెంటు పోయేలా ఉంది.

రమాదేవి_కరీంనగర్

పాతపుస్తకాలు గారూ, ఇది చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మనమూ అదే అంటాం కదా! "వాళ్ళ పిల్లను ఎక్కడికిచ్చారు?" "జగిత్యాల సంబంధానికిచ్చారు." "పిల్లనిచ్చిన మామ". ఎవరూ 'పెళ్ళి చేసి ఇచ్చారు' అని పూర్తిగా చెప్పరు, 'ఇచ్చారు' అంటే చాలు. కొడుకు గురించి మాత్రం ఎవరూ 'ఇచ్చారు' అనరు. వాడు 'చేసుకున్నాడు'.

స్టాక్‌హోమ్ సుబ్బు

రమాదేవి గారూ, మీరు చెప్పిన ఇచ్చారు, చేసుకున్నాడు తేడా ఇక్కడ కూడా ఉండేది. మా టీములో ఒక ఐస్‌లాండ్ అమ్మాయి ఉంది, ఆమెను అడిగాను. వాళ్ళ భాషలో పెళ్ళాడడానికి రెండు మాటలున్నాయి. మగవాడికి 'క్వైనాస్ట్', అంటే భార్యను తెచ్చుకోవడం. ఆడదానికి 'గిఫ్తాస్ట్', అంటే ఇవ్వబడడం. ఇప్పుడు రెండోది ఎవరికైనా వాడుతున్నారు గానీ, మొదటిది మగవాళ్ళకే అని ఆమె చెప్పింది. స్వీడిష్‌లో ఆ తేడా పోయింది, నేనూ 'గిఫ్ట్', మా ఆవిడా 'గిఫ్ట్'.

ఇంకో సంగతి. ఐస్‌లాండిక్‌లో 'గిఫ్త' అంటే అదృష్టం అని కూడా అర్థం ఉందట. దేవుడో విధో ఇచ్చింది అన్నట్టు. విషం అర్థం మాత్రం అసలు లేదు. విషాన్ని 'ఏతుర్' అంటారు.

పాతపుస్తకాలు

సుబ్బు గారూ, నేను రాయబోయేదానికి మీరు దారి వేసేశారు. ఐస్‌లాండిక్‌లో విషం అర్థం లేకపోవడమే అసలు సాక్ష్యం. పాత ఇంగ్లీషులో లేదు, గోతిక్‌లో లేదు, పాత నార్స్‌లో (స్కాండినేవియా భాషల పాత రూపం) లేదు. అంటే తల్లి భాషలో లేదు. జర్మన్ నేల మీద తర్వాతెప్పుడో పుట్టిన అర్థం అది. స్కాండినేవియాకు కూడా మధ్యయుగాల చివర్లో జర్మన్ వర్తకులతో, వైద్యులతో వెళ్ళింది. అక్కడ అప్పటికే 'పెళ్ళి' అర్థంతో అదే మాట కూర్చుని ఉంది. ఒకరు సొంత మనిషి, ఒకరు అరువు మనిషి, ఇద్దరికీ ఒకటే పేరు. సుబ్బు గారి విషాల కేంద్రం గందరగోళమంతా అలా వచ్చిందే.

విషానికి అసలైన పాత జర్మానిక్ మాట ఆ 'ఏతుర్' వంశమే. పాత ఇంగ్లీషులో 'ఆటోర్', స్వీడిష్‌లో 'ఎట్టెర్'. జర్మన్‌లో 'ఐటర్' అయి, విషం అర్థం పోయి చీము అయింది. డేనిష్‌లో సాలీడును 'ఎడ్డర్‌కోప్' అంటారు, అందులో ఉన్నదీ ఇదే విషం. ఇంగ్లీషు పల్లెల్లో కూడా సాలీడుకు 'అట్టర్‌కాప్' అన్న పేరు ఉండేది.

ఇక గిఫ్ట్ ఎలా విషం అయిందంటే, చాలామంది పండితులు చూపించే దారి వైద్యుల దారి. గ్రీకులో 'డోసిస్' అంటే ఇవ్వడం. వైద్యులు రోగికి ఒకసారి ఇచ్చే మందు మోతాదును డోసిస్ అన్నారు, అది లాటిన్ వైద్యంలోకి వచ్చింది. మనం రెండు డోసులు, బూస్టర్ డోసు అని కోవిడ్ రోజుల్లో తెగ వాడిన మాటే. దాన్ని జర్మన్‌లో చెప్పాల్సి వచ్చినప్పుడు ఇవ్వడం అనే అర్థమున్న గిఫ్ట్ చేతికి దొరికింది. వైద్యుడు ఇచ్చేది, తర్వాత చాటుగా ఇచ్చేది, చివరికి చంపడానికి ఇచ్చేది. మెల్లగా బహుమతి అర్థం చచ్చిపోయింది, విషం మిగిలింది. చచ్చిపోయిందన్నాను గానీ ఒక్క చోట బతికే ఉంది. జర్మన్‌లో కట్నాన్ని ఏమంటారో శ్రావణి గారు చెప్పాలి.

శ్రావణి_లైప్‌జిగ్

డిక్షనరీ చూశాను. 'మిట్‌గిఫ్ట్'! మిట్ అంటే 'తో'. పిల్లతో పాటు ఇచ్చేది. మన అరణం లాంటిదన్నమాట. విషం 'దాస్ గిఫ్ట్' అట, నపుంసకలింగం. కట్నం 'డీ మిట్‌గిఫ్ట్', స్త్రీలింగం. ఒకే మాటకు రెండు లింగాలెందుకు?

పాతపుస్తకాలు

ఇవ్వడం అనే భావార్థంలో అది మొదట స్త్రీలింగమే. విషం అయ్యాక కొన్నాళ్ళు పుంలింగంగా, నపుంసకంగా ఊగి, ఇప్పుడు నపుంసకంగా స్థిరపడింది. మిట్‌గిఫ్ట్ మాత్రం పాత లింగాన్ని అలాగే పట్టుకుంది. డచ్ వాళ్ళు ఇంకో ఉపాయం చేశారు. విరాళానికి 'గిఫ్ట్' ఉంచుకుని, విషానికి చివరి అక్షరం కోసేసి 'గిఫ్' అన్నారు. ఆఫ్రికాన్స్‌లో కూడా విషం 'గిఫ్'.

మందులషాపు_గుంటూరు

ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఈసారి ఊరుకోలేకపోతున్నాను. నేను ఫార్మసీ చదివినవాణ్ణి. పాతపుస్తకాలు గారూ, మీ వైద్యుల దారి బాగుంది గానీ నాకు పూర్తిగా నచ్చలేదు. గ్రీకు దాకా ఎందుకు వెళ్ళాలి? మా షాపు ముందు నిలబడండి చాలు.

తెలుగులో 'మందు' అంటే ఏమిటి? జ్వరానికి వేసుకునేది మందు. సాయంత్రం తాగేది మందు. పత్తి చేలో కొట్టేది పురుగుల మందు. "మందు తాగాడు" అని ఫోనొస్తే మా గుంటూరు జిల్లాలో గుండె ఝల్లుమంటుంది, ఏ మందో అడగాలి. టపాకాయల్లో ఉండేదీ మందే. ఇక "వాడికి మందు పెట్టింది" అంటే అన్నంలో ఏదో కలిపి వశం చేసుకుందని. ఏ గ్రీకు పుస్తకాన్నీ తర్జుమా చేయకుండానే మనం మందును విషం దాకా తీసుకెళ్ళాం. విషం అనే మాట నోటితో అనడం అశుభం కాబట్టి మనిషి మెత్తటి మాట వెతుక్కుంటాడు. జర్మన్‌వాడూ అదే చేసి ఉంటాడు. "వాడికి ఇచ్చారు" అంటే చాలు, ఏమిచ్చారో వినేవాడికి తెలుసు.

పాతపుస్తకాలు

కాదనను. పైగా మీ వాదనకు బలమిచ్చే మాట ఒకటుంది. ఇంగ్లీషు 'ఫర్‌గివ్' (క్షమించు)కు తోబుట్టువు జర్మన్‌లో 'ఫెర్‌గేబెన్'. మధ్యయుగాల జర్మన్‌లో దీనికి క్షమించడం అనే అర్థంతో పాటు విషం పెట్టడం అనే అర్థం కూడా ఉండేది. ఇదేమీ డోసిస్‌కు తర్జుమా కాదు, మీరన్నట్టు మెత్తటి మాటే.

కానీ డోసిస్‌ను పూర్తిగా పక్కన పెట్టలేం. ఇంగ్లీషులోనూ విషప్రయోగాలు జరిగాయి, అక్కడి గిఫ్ట్ మాత్రం విషం కాలేదు. మెత్తటి మాట వెతుక్కోవడం అన్ని ఊళ్ళలో ఉంటే, జర్మన్, డచ్ వైపు మాత్రమే ఈ మాటే ఎందుకు దొరికింది? అక్కడ వైద్యపు పుస్తకాల భాష తోడైందనుకుంటే సరిపోతుంది.

మందులషాపు_గుంటూరు

సరే, సగం ఒప్పుకున్నాను. అయితే నా వంతు ఒకటి చెప్పనివ్వండి. మాకు ఫస్టియర్‌లో పారసెల్సస్ చెప్పిన సూత్రం ఒకటి నేర్పిస్తారు. 16వ శతాబ్దపు స్విస్ వైద్యుడు. 1538లో రాసిన దాంట్లో అంటాడు: అన్నీ విషాలే, విషం కానిదంటూ లేదు, మోతాదు ఒక్కటే దాన్ని విషం కాకుండా చేస్తుంది. జర్మన్‌లోనే రాశాడు. ఇప్పుడు ఈ చర్చ చదివాక వెళ్ళి చూశాను. ఆ వాక్యంలో విషానికి 'గిఫ్ట్', మోతాదుకు 'డోసిస్' అని ఉన్నాయి! రెండిటికీ అసలు అర్థం ఇవ్వడమే. పరీక్ష కోసం వందసార్లు బట్టీ పట్టిన వాక్యం, ఇరవై ఏళ్ళకు ఇవాళ అర్థమైంది.

రమాదేవి_కరీంనగర్

ఇవ్వడం అనగానే నాకు సంస్కృతం 'దా' ధాతువు గుర్తొస్తోంది. దానం, దాత, దత్తత. గిఫ్ట్‌కు దానికి చుట్టరికం ఉందా?

పాతపుస్తకాలు

గిఫ్ట్‌కు లేదు, డోసిస్‌కు ఉంది. గ్రీకు డోసిస్, లాటిన్ డోనుం (కానుక), సంస్కృతం దానం ఒకే కుటుంబం. లాటిన్‌లో కట్నం 'డోస్', ఇంగ్లీషు డౌరీ అందులోంచి వచ్చిందే. కన్యాదానంలో ఉన్న దానం, డౌరీ, డాక్టరు రాసే డోసు, ముగ్గురూ దాయాదులు.

జర్మానిక్ భాషలు ఈ ధాతువును వదిలేసి వేరేదాన్ని పట్టుకున్నాయి. చిత్రమేమిటంటే ఆ రెండో ధాతువు పాత ఐరిష్‌లో 'గైబిద్', అక్కడ అర్థం తీసుకోవడం, పట్టుకోవడం. ఒకవైపు ఇవ్వడం, ఇంకోవైపు తీసుకోవడం. 'దా' విషయంలోనూ అంతే, హిత్తైట్ అనే చచ్చిపోయిన భాషలో దాని చుట్టమైన మాటకు తీసుకోవడం అని అర్థం. ఇచ్చిపుచ్చుకోవడం అని మనం జంటగా అంటాం కదా, చెయ్యి చాచడం ఒకటే, ఏ వైపు నుంచి చూస్తున్నామన్నదే తేడా. సంస్కృతంలో చేయి, కిరణం అనే అర్థాలున్న 'గభస్తి'ని కూడా కొందరు ఈ వంశంలో చేరుస్తారు.

కొత్తగా_చేరాను

పెద్దలందరికీ నమస్తే. నాకో డౌటు. మరి ఇంగ్లీషులో 'పాయిజన్' ఎక్కడిది? అదీ ఇలాంటిదేనా?

మందులషాపు_గుంటూరు

ఇది నాకు తెలుసు! లాటిన్ 'పోతియో' అంటే తాగేది. దాంట్లోంచే పోషన్, పాయిజన్ రెండూ వచ్చాయి, ఫ్రెంచి ద్వారా. మన పానం కూడా దీనికి చుట్టమే. పాయిజన్ అంటే ఉత్త 'తాగే సరుకు'. మా షాపులో సిరప్ సీసా కూడా ఆ లెక్కన పాయిజనే.

పాతపుస్తకాలు

'వెనమ్' మాతృక అయిన లాటిన్ వెనేనుం మీకు ఇంకా నచ్చుతుంది. అది మొదట్లో వశీకరణ మందు అనీ, ప్రేమ దేవత వీనస్ పేరుకు చుట్టమనీ ఎక్కువమంది అంటారు. మీరన్న 'మందు పెట్టింది' అదే. రోమన్ న్యాయకోవిదుడు గాయుస్, 2వ శతాబ్దం మనిషి, వెనేనుం అనేవాడు మంచిదో చెడ్డదో కూడా చెప్పి తీరాలి అన్నాడు, ఎందుకంటే మందులు కూడా వెనేనాలే అని. గుంటూరులో "మందు తాగాడు" అంటే ఏ మందని మీరు అడిగినట్టే.

సంస్కృత విషానికి మాత్రం మెత్తటి మాటలతో పనిలేదు, మొదటినుంచీ విషమే. లాటిన్ 'వైరస్' దాని చుట్టం.

నాగరాజుగారి అబ్బాయి

నేను జోకులు వేసేవాణ్ణే గానీ ఇది సీరియస్. జర్మన్‌లో గిఫ్ట్‌కు బహుమతి అర్థం పోయాక గెషెంక్ వచ్చింది కదా. అదెక్కడిది?

పాతపుస్తకాలు

మంచి ప్రశ్న అడిగావు బాబూ. 'షెంకెన్' నుంచి. దాని పాత అర్థం గ్లాసులో పోయడం, తాగడానికి వంచి ఇవ్వడం. సారా కొట్టును ఇప్పటికీ 'షెంకె' అంటారు. ఇంటికొచ్చినవాడికి మొదట పోసి ఇచ్చేది, అలా ఏ కానుకైనా గెషెంక్ అయింది. అంటే జర్మన్‌లో 'ఇవ్వడం' అన్న మాట విషం అయింది, 'పోయడం' అన్న మాట బహుమతి అయింది. తెలుగులో "ఫ్రెండ్స్‌కు మందు పోయించాడు" అంటే గెషెంకే!

హైదరాబాదీ_సోషియాలజీ

ఇక్కడికొచ్చారు కాబట్టి ఒక మాట. ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1924లో సరిగ్గా ఈ మాట మీదే ఒక చిన్న వ్యాసం రాశాడు. డోసిస్ వివరణ ఒక్కటే సరిపోదన్నది ఆయన వాదన. పాత జర్మానిక్ సమాజాల్లో కానుక అంటే ఎక్కువగా పానపాత్రే, అందరూ కలిసి తాగడం, తాగబోయడం. ఎదుటివాడు పోసి ఇచ్చిన దాంట్లో తేనె కల్లు ఉందో విషం ఉందో తాగేదాకా తెలీదు. పైగా పుచ్చుకున్నాక వాడికి కట్టుబడి ఉండాలి, తిరిగి ఇవ్వాలి. కానుకలోనే ఆ భయం ఉంది అంటాడు. పెళ్ళిలో మన 'చదివింపులు' తలుచుకోండి. పేరూ మొత్తమూ మైకులో చదివించి, పుస్తకంలో రాయించి, వాళ్ళింట్లో పెళ్ళికి అంతకు తగ్గకుండా చదివించాలి. మా నాన్న దగ్గర 1987 నాటి ఆ పుస్తకం ఇంకా ఉంది.

రమాదేవి_కరీంనగర్

మా ఇంట్లోనూ ఉంది, అందులో ఎదురుగా టిక్కులు కూడా ఉంటాయి, ఎవరికి తిరిగి పెట్టామో గుర్తుకు.

మోస్ గారి భయం అర్థమైంది గానీ, అందులో ఒక మనిషి కనబడడం లేదు. పానపాత్ర ఇవ్వచ్చు, ఉంగరం ఇవ్వచ్చు. ఈ మాటకు అన్నిటికంటే పాత అర్థం పెళ్ళి అని పాతపుస్తకాలు గారే అన్నారు. అంటే మొదట ఇచ్చింది పిల్లను. ఈనె రాజు చట్టంలో సొమ్ము తిరిగివ్వాలని ఉంది, ఎంత కట్టాలో ఉంది. పిల్ల ఏమనుకుందో లేదు.

కొత్తగా_చేరాను

మేడమ్, కన్యాదానం పవిత్రమైన కార్యం. దాన్ని సొమ్ముతో పోల్చడం బాగోలేదు. పైగా అక్కడ వాళ్ళు పిల్లకు డబ్బిచ్చారు, ఇక్కడ పిల్లతో పాటు...

మోడరేటర్

కట్నం, కన్యాదానాల మీద వచ్చిన పదకొండు పోస్టులను వేరే చర్చగా విడదీశాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ మాటల గురించే.

శ్రావణి_లైప్‌జిగ్

విడదీసిన చర్చలో కూడా రాశాను. ఇక్కడ మాటల గురించే ఒకటి. సుబ్బు గారూ, స్వీడిష్‌లో 'యిఫ్ట్' అంటారన్నారు. ఇంగ్లీషులో గట్టి 'గ' కదా, ఆ 'య' ఎక్కడిది?

స్టాక్‌హోమ్ సుబ్బు

స్వీడిష్‌లో ఇ, ఎ ముందు గ వస్తే య అయిపోతుంది. నార్వేజియన్ వాళ్ళూ యిఫ్ట్ అనే అంటారు. డేనిష్ వాళ్ళు మాత్రం గ నే పలుకుతారు. అంతకు మించి నాకు తెలీదు, మాస్టారు చెప్పాలి.

పాతపుస్తకాలు

ఇందులో ఒక తమాషా ఉంది. పాత ఇంగ్లీషులో కూడా ఇది 'యిఫ్ట్' అనే పలికేవాళ్ళు. గివ్‌ను 'యివ్' లాగా. 14వ శతాబ్దపు లండన్‌లో కవి చాసర్ కూడా 'యివెన్', 'యిఫ్టె' అనే రాశాడు. మరి గట్టి 'గ' ఎక్కడిది? వైకింగులది. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాల్లో వాళ్ళు దిగి, ఇంగ్లీషువాళ్ళతో కలిసి కాపురాలు చేశారు. వాళ్ళ నార్స్ భాషలో అప్పటికి గట్టి గ ఉంది. గివ్, గిఫ్ట్ రెండిటికీ ఆ ఉచ్చారణ ఉత్తరం నుంచి మెల్లగా లండన్ దాకా దిగింది. బహుమతి అన్న అర్థం గట్టిపడడానికి కూడా ఆ నార్స్ మాటే తోడ్పడింది.

ఎగ్ (గుడ్డు) కథా ఇదే. 1490లో కాక్స్‌టన్ అనే అచ్చువేసేవాడు రాస్తాడు, ఒక వర్తకుడు కెంట్‌లో గుడ్లు కావాలని 'ఎగ్స్' అని అడిగితే ఆ ఇల్లాలు నాకు ఫ్రెంచి రాదందట. ఆమెకు తెలిసింది సొంత ఇంగ్లీషు మాట 'ఏరెన్', ఎగ్ నార్స్ నుంచి వచ్చింది.

తమాషా ఏమిటంటే, ఇంగ్లీషువాడు స్కాండినేవియా నుంచి గట్టి గ తెచ్చుకుని, సొంత యిఫ్ట్‌ను పారేశాడు. ఆ తర్వాత స్వీడన్, నార్వేల్లో గ మెత్తబడి య అయింది. ఇప్పుడు స్టాక్‌హోమ్‌లో వినిపించేది పాత ఇంగ్లీషు ఉచ్చారణ, లండన్‌లో వినిపించేది పాత నార్స్ ఉచ్చారణ. ఇళ్ళు మార్చుకున్నట్టు.

స్టాక్‌హోమ్ సుబ్బు

అబ్బా. రేపు లంచ్‌లో ఇది చెప్పి తీరాలి. పెళ్ళి జోకు కంటే నయం.

శ్రావణి_లైప్‌జిగ్

రెండు వారాల తర్వాత వస్తున్నాను, సారీ. మిట్‌గిఫ్ట్ గురించి మా పక్క సీటు ఆవిడకు చెప్పాను. పుట్టినప్పటినుంచీ వాడుతున్న మాటలో విషం, కట్నం పక్కపక్కనే ఉన్నాయని ఎప్పుడూ గమనించలేదట. "మా అమ్మమ్మ అయితే నవ్వేది" అంది, ఎందుకో చెప్పలేదు.

ఈసారి అమ్మ సున్నుండలు పంపింది. గెషెంక్ అని రాద్దామనుకుని మళ్ళీ ఆగాను. డబ్బా మీద ఏమీ రాయలేదు. మూత తీసి, పక్కన నిలబడి, ఒకటి నేనే ముందు తిన్నాను.

నాగరాజుగారి అబ్బాయి

ఎన్ని మిగిలాయి?

శ్రావణి_లైప్‌జిగ్

డబ్బా మిగిలింది.